మొదటేడు అన్ని రంగులు, రెండో ఏడు పసుపే పసుపు: రంగుల పొద్దుతిరుగుడు గింజ సంగతి

చెల్లె, నువ్వు అడిగింది ఇది. దేవరకొండ దగ్గర ఇంటెనక జాగల నిరుడు మిక్స్ ప్యాకెట్ తెప్పించి వేస్తే ఎరుపు, కాఫీ రంగు, నిమ్మపండు రంగు, రెండు రంగుల చక్రాలు అన్నీ పూసినయ్. వాటి గింజలే దాచి ఈసారి జూన్ల వేస్తే సగం మొలవనే లేదు, మొలిచినయ్ పసుపే పసుపు, ఒకటో రెండో ఇటుక రంగు. గింజ పాడైందా, మన నేలకు రంగు పట్టదా, ఏం మందు కొడితే ఎరుపు వస్తది అని అడిగినవ్.

మందు కొడితే రంగు రాదు. నేలది కూడా ఏం లేదు, ఎర్ర చెల్కల అయినా రేగడిల అయినా ఎర్ర పువ్వు ఎర్రగనే పూస్తది, రంగు గింజలనే ఉంటది. నేను అడిగేది వేరే. నువ్వు దాచిన గింజ ఏ పువ్వుది? అందరం చేసే పని ఏందంటే తోటల అన్నిటికంటె పెద్ద పువ్వు, లావు గింజ చూసి అది దాస్తం. ఈ రంగుల మిక్సుల పెద్ద పువ్వు, లావు గింజ వచ్చేది ఎక్కువగ పసుపు చెట్టుకే, ఎరుపు కాఫీ రంగులయితే కొమ్మలు కొమ్మలుగ చీలి అరచెయ్యంత పువ్వులు పూస్తయి, గింజ కూడా చిన్నగ సన్నగ ఉంటది, దాన్ని చూసి ఇదేం గింజ అని పిట్టలకు వదిలేస్తం. అంటే గింజ దాచిన రోజే సగం రంగులు పోయినయ్.

మిగతా సగం తేనెటీగల పని. పొద్దుతిరుగుడు తన పుప్పొడి తనకే అంత తొందరగ ఒప్పుకోదు, వేరే చెట్టు పుప్పొడి కావాలె. ఇప్పటి ఆయిల్ హైబ్రిడ్లల ఈ గుణం మస్తు తగ్గించిన్రు గని తోట రకాలల ఇంక బాగనే ఉంది. మీ ఇంటి చుట్టుపక్కల ఎవరన్న యాసంగిల నూనె కోసం పొద్దుతిరుగుడు వేసిన్రా చూడు, ఆ చేన్ల ఎకరాలకు ఎకరాలు ఒక్కటే బంగారు పసుపు, ఆ పుప్పొడి మోసుకొచ్చిన ఈగ నీ నాలుగు ఎర్ర పువ్వుల మీద కూడా వాలుతది. అందుకే విత్తనం కోసం వేసే పొద్దుతిరుగుడు ప్లాటుకి వేరే చేనుకి నడుమ కనీసం 200 నుంచి 400 మీటర్ల దూరం అడుగుతరు, హైబ్రిడ్ అయితే ఇంక ఎక్కువనే. ఇంటి పెరడుల అంత దూరం ఏడ తెస్తం. కాబట్టి దూరం బదులు సంచి కట్టాలె, అది కింద చెప్త.

ఎరుపు అంత తేలికగ పోయే రంగు కూడా కాదు, ఈ సంగతి చెప్తే నీకు అర్థమైతది. 1910ల అమెరికా కొలరాడో రాష్ట్రంల బౌల్డర్ దగ్గర విల్‌మట్ కాకరెల్ అనే ఆమెకు ఒక అడవి పొద్దుతిరుగుడు మొక్క రెక్కల మీద ఎరుపుతోని కనిపించింది. భర్త థియోడోర్ కాకరెల్ అక్కడ యూనివర్సిటీల ప్రొఫెసర్, ఆమె కూడా చదువు చెప్పే మనిషే. తీస్కొచ్చి ఇంటి తోటల పెట్టుకున్నరు. ఒక్కటే మొక్క, తన పుప్పొడి తనకు పనికిరాదు, అందుకని మామూలు తోట పసుపు రకంతోని కలిపిన్రు, పిల్లల్ల దగ్గరదగ్గర సగం ఎరుపు కలిసినవే వచ్చినయ్. ఈరోజు ప్యాకెట్లల వచ్చే కాఫీ రంగు, మెరూన్, ఇటుక రంగు అన్నిటికి మూలం ఆ మొక్కనే అంటరు. అంటే ఎర్ర పువ్వు గింజ దాస్తే, దానికి పసుపు పుప్పొడి తగిలినా మొత్తం పసుపు కావు, సగమన్న ఎరుపు గీతలతోని రావాలె. నీకు ఒకటి రెండే వచ్చినయ్ అంటే నువ్వు దాచింది పసుపు పువ్వుల గింజనే అని నేను దాదాపు ఖాయంగ చెప్త.

నిమ్మపండు రంగు దానికి ఉల్టా. అది దాక్కునే గుణం. బంగారు పసుపుతోని కలిసిందంటే ఆ తరం మొత్తం బంగారు పసుపే, దాని తర్వాతి తరంల మళ్ల అక్కడక్కడ బయటికొస్తది. కాబట్టి ఈసారి పూసిన పసుపులన్నిటిని తిట్టుకోకు, వాటిల కొన్నిటి కడుపుల నిమ్మ రంగు ఉండొచ్చు.

ఇంకొకటి, ప్యాకెట్ మీద ఎఫ్1 (రెండు రకాలు కలిపి తీసిన మొదటి తరం హైబ్రిడ్) అని ఉంటే ఆ గింజ దాచి లాభం లేదు, రెండో తరం చెల్లాచెదురైతది. మూలాన్ రూజ్ అసొంటి పుప్పొడి రాలని రకాలు కూడా అంతే, కోసి కూజల పెట్టుకోవడానికి అవే మంచివి, బట్టల మీద పసుపు రాలదు, గని విత్తనానికి కావు. విత్తనం దాచాలంటే ఓపెన్ పాలినేటెడ్ (హైబ్రిడ్ కాని మామూలు రకం) అని రాసినవి తీస్కో. ఆటమ్ బ్యూటీ అనేది అన్ని రంగుల మిక్స్, వెల్వెట్ క్వీన్ ముదురు ఎరుపు, ఇటాలియన్ వైట్ మీగడ రంగు, టెడ్డీ బేర్ పొట్టిది, ముద్దబంతి లెక్క నిండుగ పూస్తది. నన్నడిగితే మిక్స్ ప్యాకెట్ ఒకటి కొనేకంటె రంగుకు ఒక ప్యాకెట్ కొని నువ్వే కలుపుకో, ఖర్చు కొంచెం ఎక్కువైతది గని ఏ రంగు ఏ వరుసల ఉందో నీకు తెలుస్తది, దాచేటప్పుడు అదే పనికొస్తది. కిరాణంల దొరికే పొట్టు తీసిన తెల్లపప్పు మొలుస్తదని నమ్మకం లేదు, పక్షుల మేత అని అమ్మే నల్లగింజ మొలుస్తది గని అది నూనె రకం, పసుపే. ఎరువుల షాపుల రైతులకిచ్చే హైబ్రిడ్ గింజ కూడా అంతే, పైగా దానికి రంగు మందు పట్టించి ఉంటది, పిల్లలు నోట్ల పెట్టుకోకుండ చూస్కో.

ఇగ సగం ఎందుకు మొలవలేదంటే, జూన్ల వేసినవ్ కదా, గింజ ఎప్పుడు కోసినవో రాయలేదు. ఎండాకాలం చివర్ల కోసి వెంటనే వేస్తే పొద్దుతిరుగుడు మొలవదు, కోసినంక నెలన్నర రెండు నెలలు దానికి నిద్ర ఉంటది. గింజ పాడైందని పారేస్తరు గని అదే గింజ ఆగస్టుల వేస్తే మొలుస్తది. రెండోది చెల్క నేల. పెద్ద వాన కొట్టి మళ్ల ఎండ కాసిందంటే పైన అట్ట కట్టినట్టు గట్టిపడతది, మొలక తల ఎత్తలేక లోపలే వంకర తిరిగిపోతది. గింజ వేసిన సాలు మీద మట్టి బదులు మాగిన పెంట ఎరువు ఇసుక కలిపి రెండు వేళ్ల మందం కప్పితే ఈ బాధ ఉండదు. మూడోది చీమలు, ఉడుతలు, పిట్టలు. మొలక గింజ పొట్టును నెత్తిన పెట్టుకొని లేస్తది చూడు, పిట్టలకు అదే కావాలె, పొట్టుతోపాటు రెండు ఆకులు కూడా తెంపుకపోతయి, తెల్లారి చూస్తే ఉత్త కాడలు నిలబడి ఉంటయి. వాటర్ బాటిల్ అడుగు కోసి మూత తీసి మొలక మీద బోర్లించు, నాలుగాకులు వచ్చేదాక ఉంచి తీసెయ్యి. పాత చీర కప్పేటోళ్లు కూడా ఉన్నరు, అది కూడా పని చేస్తది. కోతులకు మాత్రం నా దగ్గర ఏ ఉపాయం లేదు చెల్లె, మా గద్వాల దిక్కు, మీ దేవరకొండ దిక్కు, ఎవరి దగ్గరా లేదు.

ఎప్పుడు వెయ్యాలె అంటే ఇంటి తోటకు దసరా దీపావళి నడుమ వేసుడే నా ఓటు. వానలు వెనకపడతయి, భూమిల పదును ఉంటది, ఎండ మెత్తగ ఉంటది, రెండు నెలలు అటు ఇటుగ పూతకొస్తది, సంక్రాంతికి ముగ్గు పక్కన రంగుల పూలు ఉంటయి. ఒకటి ముందే తెలుసుకో, ప్యాకెట్ మీద ఆరేడు అడుగులు అని రాసి ఉంటది, చలికాలం పగలు చిన్నగ ఉంటది కాబట్టి చాలా రకాలు మన దగ్గర తొందరగ మొగ్గేసి నాలుగైదు అడుగులకే ఆగుతయి, బలం తక్కువైందని ఎరువు మీద ఎరువు వెయ్యకు. జనవరి చివర్ల వేస్తే మార్చి ఏప్రిల్ ఎండకు పూస్తయి, అప్పుడు ముదురు ఎరుపు రెక్కలు రెండో రోజుకే వెలిసిపోయి గోధుమ రంగు అయితయి, ఎండ బాగ ముదిరితే పుప్పొడి కూడా చస్తది, గింజ పట్టదు. జూన్ జులైల వేసేది బతుకమ్మ కోసం అయితేనే, లేకపోతే ఆ ఈదురు గాలికి మొక్కలు పడిపోవుడు, ఆకు మచ్చ తెగులు, పువ్వుల నీళ్లు నిలిచి కుళ్లుడు, ఇదే కథ.

గింజలు రాత్రి నానబెట్టి పొద్దున నీడకు ఆరబెట్టి వేస్తే మంచిగ లేస్తయి. అంగుళం లోతు చాలు, ఒక్కో చోట రెండు మూడు గింజలు, చోటుకు చోటుకు అడుగున్నర దూరం, పొట్టి రకాలకు అడుగు. నారు పోసి నాటుడు వద్దు, దీని తల్లివేరు నిలువుగ దిగుతది, అది తెగితే మొక్క బతుకుతది గని గిడసబారి ఉంటది. పొట్టి రకం అయితే పది అంగుళాల కుండీ సరిపోతది, పొడుగు రకాలకు 20 లీటర్ల పెయింట్ డబ్బా అడుగున బొక్కలు పెట్టి ఒక్కో దాంట్ల ఒక్కటే మొక్క.

పలచన చేసేటప్పుడు జర ఆగి చూడు, ఇక్కడనే మళ్ల రంగులు పోతయి. అందరం గట్టిగ ఎత్తుగ ఉన్న మొక్క ఉంచి సన్నది పీకేస్తం. బయటి చేను పుప్పొడితోని పుట్టిన మొక్క హైబ్రిడ్ లెక్క ఊపు మీద ఉంటది, అంటే నువ్వు ఏరి ఏరి పసుపునే ఉంచుకుంటున్నవ్ అన్నట్టు. కాడ మీద, ఆకు తొడిమల మీద ఊదా ఎరుపు జాడ ఉన్న మొక్కలు చాలావరకు ముదురు రంగులు పూసేటివి, అవి సన్నగ ఉన్నా సరే ఉంచు. వంద శాతం అని చెప్పను గని గుడ్డిగ పీకేదానికంటె మస్తు నయం.

ఎరువు గురించి ఎక్కువ చెప్పేది లేదు. గుంతకు రెండు దోసిళ్లు మాగిన పెంట, కొంచెం వేపపిండి. యూరియా కుమ్మరిస్తే ఆకు గొడుగులంత అయితది, పూత వెనకపడతది, కాడ మెత్తబడి ఒరుగుతది. రేగడి నేలల, బోరు నీళ్లు గట్టిగ ఉన్న కాడ లేత ఆకులు ఈనెలు పచ్చగ ఉండి నడుమ పాలిపోతయి, అది ఇనుము అందక, లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతోని రెండు సార్లు పిచికారి చేస్తే తేరుకుంటది. కుండీల మట్టి మీద తెల్లగ ఉప్పు పేరుకుంటే అప్పుడప్పుడు కింద నుంచి కారేదాక నిండుగ నీళ్లు పొయ్యి, వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే ఇంక మంచిది. పువ్వు రెక్కలు విచ్చుకునేటప్పుడు లీటరుకు 2 గ్రాముల బోరాక్స్, ముందు కొంచెం వేడి నీళ్లల కరిగించి, పువ్వు మీద పడేటట్టు కొడితే నడుమ తాలు గింజలు తగ్గుతయి, రైతులు కూడా ఇదే చేస్తరు. మొగ్గ నుంచి పువ్వు వాడేదాక నీళ్లు తప్పొద్దు, మిగతా రోజుల మట్టి పైన ఆరితేనే పొయ్యాలె. పొడుగు మొక్కలకు పత్తి కట్టె గానీ కంది కట్టె గానీ పక్కన పాతి కట్టు, వెదురు కొనాల్సిన పని లేదు.

తెగుళ్లల ఒక్కదానికే నేను భయపడత, నెక్రోసిస్ వైరస్. ఆకు మీద మచ్చలు ఎండి, కాడ ఒక పక్క నల్లబడి, పువ్వు మెడ మెలి తిరిగి సగమే విచ్చుకుంటది. 1997ల కర్ణాటకల బాగేపల్లి దిక్కు బయటపడి తర్వాత మన దగ్గర చేన్లకు చేన్లు ముంచింది, చాలామంది పొద్దుతిరుగుడు మానేసిన దాంట్ల దీని చెయ్యి కూడా ఉంది. దీన్ని తెచ్చేది తామర పురుగులు, వైరస్ ఉండేది వయ్యారిభామ గడ్డి పుప్పొడిల. నీ ఇంటి చుట్టు ఆ తెల్లపూల గడ్డి ఉంటే అది పూతకు రాకముందే చేతికి కవర్ తొడుక్కొని పీకెయ్యి, కావాలంటే పక్కన ఖాళీ ప్లాట్ల కూడా పీకించు. జబ్బు పట్టిన మొక్కకు మందు లేదు, తీసి కాల్చుడే. తోట చుట్టు రెండు మూడు సాళ్లు జొన్న వేస్తే తామర పురుగుకు అడ్డం, పిట్టలు కూడా కొంత అటే పోతయి. పచ్చ దోమ, తెల్ల దోమకు లీటరుకు 5 మిల్లీల వేపనూనె సబ్బు నీళ్లతోని, అది కూడా సాయంత్రం పూట, పువ్వు విచ్చినంక పువ్వు మీద పురుగు మందు ఏదీ కొట్టకు, ఈగలు చస్తయి. పువ్వు ఎనక పచ్చ లద్దె పురుగు కనబడితే చేత్తో ఏరి పారెయ్యి, ఇంటి తోటకు అదే చాలు.

ఇప్పుడు సంచి సంగతి. మా నడిగడ్డల (గద్వాల దిక్కు) విత్తనం కోసం వేసే సీడు పత్తి చేన్లల పెరిగినోళ్లకు ఇది కొత్త కాదు, సాయంత్రం మొగ్గ వలిచి పొద్దున మగ పువ్వు రుద్దే పని చిన్నప్పటి నుంచి చేసినోళ్లమే. పొద్దుతిరుగుడుకు మొగ్గ వలిచే బాధ లేదు, ఈగను ఆపితే చాలు. నీకు నచ్చిన రంగు చెట్లు రెండు మూడు, ఒక్కటి కాదు, ఏరుకో. మొగ్గ పగిలి రెక్క రంగు కనబడంగనే, పూర్తిగ విచ్చకముందే, దోమతెర గుడ్డ గానీ పెళ్లిళ్లల ఇచ్చే పల్చటి జాలీ సంచి గానీ తొడిగి మెడ దగ్గర వదులుగ కట్టు, ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల చెమట పట్టి బూజొస్తది. పువ్వు నడుమ ఉన్నవన్నీ వేరే వేరే చిన్న పూలే, బయటి చుట్టు నుంచి లోపలికి రోజుకు కొన్ని వరుసల చొప్పున విచ్చుకుంటయి, ఒక్కో చిన్న పువ్వు ముందు పుప్పొడి రాలుస్తది, తర్వాతనే దాని కొన రెండుగ చీలి పుప్పొడి అడుగుతది. అందుకని ఒక్కరోజు రుద్దితే కాదు. రోజు విడిచి రోజు, పొద్దున 8 నుంచి 11 లోపల, సంచులు తీసి అదే రంగు రెండు పువ్వులను మొఖం మొఖం కలిపి మెల్లగ రుద్దాలె, లేదంటే మెత్తటి గుడ్డతోని ఒకదాని మీద రుద్ది ఇంకోదాని మీద రుద్దాలె, నడుమ చుట్టు విచ్చేదాక. మళ్ల సంచి తొడుగు. పక్కపక్క మొక్కలు పెట్టుకుంటే ఈ పని తేలికైతది, విచ్చిన పువ్వులు అన్నీ తూర్పుకే తిరిగి ఉంటయి కదా, సంచులు కట్టేటప్పుడు ఒక దిక్కు నిలబడి పని చెయ్యొచ్చు.

అవును, చాలామంది పువ్వు దినమంతా సూర్యునితోని తిరుగుతది అనుకుంటరు. తిరిగేది లేత మొక్క, మొగ్గ మీద ఉన్నప్పుడే, కాడ ఒక పక్క పగలు ఎక్కువ పెరిగి, ఇంకో పక్క రాత్రి పెరిగి. ముదిరినంక తూర్పుకే ఆగిపోతది. 2016ల కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు కుండీలు తిప్పి మరీ చూసిన్రు, తూర్పుకున్న పువ్వు పొద్దున తొందరగ వెచ్చబడతది, దానికి ఈగలు ఎక్కువొస్తయి అని. కాబట్టి ఇంటికి పడమర దిక్కు వేస్తే పువ్వులు ఇంటి మొఖం చూస్తయి, తూర్పు గోడ అవతల వేస్తే ఎనక భాగం చూసుకుంట కూర్చోవాలె. నువ్వు ఇంటెనక జాగ అన్నవ్, అది ఏ దిక్కో చూస్కొని వెయ్యి.

పువ్వు ఎనక భాగం నిమ్మపసుపు దాటి గోధుమ రంగుకు తిరిగితే కొయ్యి, పూత అయినంక నెల పైన పడతది. నీడకు వారం ఆరబెట్టి చేత్తో రాలిపి, రంగుకు ఒక కాగితం పొట్లం కట్టి, మీద రంగు, నెల రాసి, గాలి పోని డబ్బాల వేపాకు వేసి పెట్టు. వేసేటప్పుడు అన్ని పొట్లాల నుంచి లెక్కకు లెక్క కలుపు, అప్పుడే మిక్స్. ఎర్ర గింజ చిన్నగ ఉన్నదని తక్కువ వెయ్యకు.

బతుకమ్మల పేర్చొచ్చా అని కూడా అడిగినవ్. పేర్చొచ్చు, గని పెద్ద పువ్వు బరువుకు బతుకమ్మ ఒరుగుతది, కొమ్మ పూలు, అరచెయ్యికి తక్కువ ఉన్నవి కోసి తంగేడు గునుగు వరుసల నడుమ ఒక చుట్టు పెట్టు, కాడ రెండు అంగుళాలు ఉంచు. తెల్లారకముందు కోసి మెడ దాక నీళ్లల పెడితే సాయంత్రం దాక వాడవు. ఎంగిలిపూల నాటికి పూలు కావాలంటే జులై మొదటి వారంల గింజ పడాలె, ఆలస్యం వద్దు, గుట్టగ ఎత్తిన కట్ట మీద వెయ్యి, నీళ్లు నిలవని కాడ. ఆ పంటల గింజ దాచే ఆశ పెట్టుకోకు, వానకు సంచుల బూజొస్తది, గింజ కోసం యాసంగిల వేరేగ నాలుగు మొక్కలు వేస్కో.